మా పిల్ల

ఇంకో గంటలో కచేరీ అనగా, హాలు వెనక గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి ఉందని కబురొచ్చింది.

మళ్లీ మొదలైందిరా దేవుడా అనుకున్నాడు జైల్స్. గాయని జనీన్ ఆగ్డెన్‌కు అతను మేనేజరు.

జనీన్ పుట్టింది దేశానికి ఉత్తరాన ఉన్న ఈ సాల్‌ఫర్డ్‌లోనే. ఆరేళ్లప్పుడు తల్లి పోతే అక్క బెర్నడెట్ సాకింది. అధికారులొచ్చి ఆ పసిదాన్ని వేరే ఊరి దంపతుల చేతిలో పెట్టారు. అది పెరిగి, పాటలు కట్టి పాడి, దేశమంతటికీ తెలిసిన మనిషైంది. పెళ్లి చేసుకుంది, విడిపోయింది, ఒక్కగానొక్క కూతురికి అక్క పేరే పెట్టుకుంది. అక్క మాత్రం దొరకలేదు.

పోయినేడు రేడియోలో ఆ సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే పొరపాటు. బెల్లం చుట్టూ ఈగల్లా, బెర్నడెట్‌ని నేనంటే నేనని ఊరూరా అక్కలు పుట్టుకొచ్చారు. చివరగా వచ్చిన మహాతల్లి ఇంట్లో ఉండి, తిని, ఇంటిగుట్టు పేపరుకు అమ్ముకుంది. ఆ దెబ్బకు జనీన్ గొంతు మూగబోయింది.

ఇన్ని నెలల తర్వాత మళ్లీ ఈ రోజే పాడడం. ఇంకో మోసగత్తె ఎదురుపడితే ఆ గొంతు ఇక లేవదని జైల్స్ భయం. అతనిది దేశానికి దక్షిణపు కొస. ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి.

తలుపు తీశాడు. వానలో తడిసిన మనిషి. అరవైకి దగ్గరగా కనిపించింది. చేతిలో గుడ్డ చుట్టిన పళ్లెం.

"జనీన్‌ని చూడాలంటే కుదరదండీ."

"వద్దులే నాయనా, దాన్నిప్పుడు కంగారుపెట్టకు. చీజ్, ఉల్లిపాయ కూరి రొట్టె కాల్చుకొచ్చా. కాస్త తినిపించు. కడుపు ఖాళీగా ఉంటే పాడలేదు మా పిల్ల."

జైల్స్‌కు ఒళ్లు మండింది. అక్కలైపోయారు, ఇక అమ్మలు తయారయ్యారన్నమాట.

"మీ పిల్లా?"

"మా పిల్లే. కాకపోతే ఈ వానలో నాకేం పని?"

"ఆవిడ తల్లి పోయి ముప్ఫై అయిదేళ్లయింది. వచ్చేముందు ఆ మాత్రం కనుక్కోవలసింది."

"అది నాకు తెలీదా?" అందావిడ అయోమయంగా.

ఎంత బరితెగింపు అనుకున్నాడు జైల్స్. కదలకపోతే పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఆవిడ ముఖం పాలిపోయింది. లోపల జనీన్ గొంతు సవరించుకుంటోంది. ఆ రాగం ఆగేదాకా విని, పళ్లెం గుండెకు అదుముకుంది.

"డబ్బుకోసం వచ్చాననుకుంటారనే ఇన్నాళ్లూ రాలేదు. నేననుకున్నట్టే అయింది. నేను వచ్చినట్టు దానికి చెప్పకు. ఇక రాను."

"అదే మంచిది" అని తలుపేశాడు. పేరు కూడా అడగలేదు.

కచేరీ సగం గడిచింది. జనీన్ ప్రాణం పెట్టి పాడింది. విరామంలో ఆమె నవ్వుతుంటే జైల్స్‌కు కొండంత బరువు దిగింది. ఆ హుషారులో నోరు జారాడు.

"ఇందాక ఒకావిడ ఏకంగా మీ అమ్మనంటూ వచ్చింది."

"మా అమ్మనని అందా?"

"ఆ మాట అనలేదనుకో. మా పిల్ల, మా పిల్ల అని ఒకటే పాట. నేను లోపల అడుగు పెట్టనిస్తానా?"

జనీన్ నవ్వు ఆగిపోయింది. జుట్టు దువ్వుతున్న మనిషిని తోసుకుని పరుగెత్తింది. వెనక తలుపు తీసుకుని వానలోకి వెళ్లి, వీధి ఆ చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.

జైల్స్ రొప్పుతూ వెనకే వచ్చాడు. లోపల జనం ఆమె పేరు పిలుస్తూ చప్పట్లు కొడుతున్నారు.

"మా పిల్ల అంటే కూతురనేగా?" అన్నాడు బిక్కమొహం వేసి.

జనీన్ అతని వైపు తిరగలేదు.

"మా సాల్‌ఫర్డ్‌లో మా పిల్ల అనేది చెల్లెల్ని, జైల్స్."