పోసిన మన్ను

ఆ కొండకు అప్పుడప్పుడూ ఒళ్లు విదిలించుకునే అలవాటుంది. అది ఎరిగిన ముసలి ఏదుపంది, వాలులో రాయి తగిలేదాకా తవ్వి బొరియ చేసుకుంది. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పీ చెప్పీ దాని నోరు నొప్పెట్టింది.

పిల్లలతో కొత్తగా వచ్చిన కుందేలు దాని పక్కనే ఇల్లు కట్టింది. ఎగువన తవ్విన మన్నును దిగువన చెరువువైపు పోసి చదును చేసింది. సగం ఇల్లు తవ్విన నేల మీద, సగం పోసిన మన్ను మీద లేచింది.

"చూశావా తాతా, ఎంత చదునో!"

"తవ్విన చోటు నిలుస్తుంది తల్లీ. పోసిన చోటు జారుతుంది."

"చెరువు కనబడేది అటువైపే కదా తాతా!"

ఏదుపంది నిట్టూర్చింది. "సరే. పిల్లల్ని మాత్రం కొండవైపు గదిలో పడుకోబెట్టు."

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కొండ కదిలింది. చెరువువైపు సగం ఇల్లు మన్నుతో సహా జారి నీళ్లలో పడింది. కొండవైపు గదిలో పిల్లలు నిద్రలేచి బిక్కుబిక్కుమంటూ చూశాయి.

మర్నాడు పొద్దున్నే దబదబమని చప్పుడు. కుందేలు మళ్లీ అక్కడే మన్ను పోసి తొక్కుతోంది.

"ఈసారి గట్టిగా తొక్కుతున్నాలే తాతా!"

ఏదుపంది చెప్పాల్సిందంతా ఎప్పుడో చెప్పేసింది.

"పిల్లల్నెక్కడ పడుకోబెడతావు తల్లీ?" అని మాత్రం అడిగింది.