పండు పొట్ట కొట్టిందెవరు?

పళ్ళ ఆసుపత్రిలో ఎవరో పండును ఆకలితో మాడ్చి చంపుతున్నారు.

పండు వేలెడంత చేప. పుట్టింది సముద్రంలో, పగడపు దిబ్బల మధ్య. ఉండేది కుందలహళ్ళిలో, డాక్టర్ ఆశీష్ ఆసుపత్రి ముందుగదిలోని ఉప్పునీటి తొట్టిలో. దాన్ని చూస్తూ పిల్లలు ఏడుపు మరిచిపోయి నోరు తెరుస్తారు. అలాంటి పండు పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఇంకో వారం బతకడం కష్టం.

డాక్టరు విచారణ మొదలుపెట్టాడు.

"ఈ కంటి ముందు పుచ్చుపన్నే దాక్కోలేదు. దొంగ దాక్కుంటాడా?" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ.

మొదటి అనుమానం నర్సు కృప మీద. మేత గింజలు వేసేది ఆమే.

"రెండు పూటలా వేస్తున్నాను సార్. ప్రభువు సాక్షి. అదే ముట్టట్లేదు."

"అబద్ధమని తేలితే రేపట్నించి రానక్కర్లేదు."

కృప మొహం పాలిపోయింది. ఇంటి అద్దె, తమ్ముడి చదువు, అన్నీ ఆ జీతం మీదే.

రెండో అనుమానం గదులు ఊడ్చే సరోజమ్మ మీద.

"నేనా తొట్టి పక్కకే పోను సామీ. రాయి సందులోంచి అది నన్నే చూస్తా ఉంటాది. నాకు సిగ్గయితాది."

విచారణ అక్కడ ఆగిపోయింది. మధ్యాహ్నం డాక్టరు కబురు పెడితే వర్తూరు నుంచి పెంపుడు చేపల అంగడి మునిస్వామి వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగి, అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

"దీనికి గింజలెందుకప్పా? ఇది మేక మాదిరి. రాళ్ళకూ అద్దానికీ పట్టిన నాచు గీక్కొని తింటాది. తిన్న చోటంతా ముద్దు పెట్టినట్టు పెదాల గుర్తులు పడతాయి. ఇక్కడ ఒక్కటన్నా ఉండాదా? అసలు నాచే లేదే! ఎవరో దినామూ రుద్ది రుద్ది దీని కూడు లాక్కుంటుండారు."

సరోజమ్మ కృపను చూసింది. కృప సరోజమ్మను చూసింది. కృప కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు ఆమెకు గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి, రోగులు కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు.

"మానెయ్యాల్సింది నేనమ్మా కృపా, ఎక్కడ గార కనబడినా చెయ్యి ఊరుకోని వెధవని, రోజూ మీకంటే ముందొచ్చి, మెత్తటి బ్రష్షుతో ఆ అద్దాన్నీ రాళ్ళ సందుల్నీ పళ్ళు తోమినట్టు తోమిపెడుతున్నది నేనే!"