తెల్లబడ్డ గింజలు

"నిజం చెప్పు శ్యాంబాబూ, ఈ గింజలు మార్చావా లేదా?"

మత్తు మిషనుకున్న గాజు డబ్బాని వేలితో కొడుతూ అడిగింది ప్రసన్నకుమారి. రాజమండ్రిలో ఆ చిన్న నర్సింగ్‌హోముకి థియేటర్ సిస్టరు ఆవిడ. శ్యాంబాబు టెక్నీషియను. కొవ్వూరు నుంచి వచ్చి చేరి పట్టుమని రెండు నెలలు కాలేదు.

"మార్చానండి సిస్టర్‌గారూ," అన్నాడు తలెత్తకుండా.

ఆ తలెత్తకపోవడమే ఆవిడకి నచ్చలేదు.

మత్తులో ఉన్న మనిషి వదిలిన ఊపిరి ఆ గొట్టాల్లో తిరిగి మళ్లీ ఆ మనిషికే చేరుతుంది. మధ్యలో అందులోని కార్బన్ డయాక్సైడుని పట్టుకుని సుద్దగా మార్చేసేవి ఈ సున్నపు గింజలే. పస అయిపోతే ఊదారంగుకి తిరుగుతాయి. అక్కడితో ఊరుకుంటే బాగానే ఉండును. ఓ రోజు కదపకుండా వదిలేస్తే మళ్లీ తెల్లబడి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి. పస మాత్రం తిరిగి రాదు.

శనివారం సాయంత్రం ఊదాగా ఉన్న డబ్బా ఈ సోమవారం పొద్దున్న మల్లెపువ్వులా ఉంది. మార్చాడో, ఆదివారమంతా ఊరికే ఉండి తెల్లబడిందో ఆ దేవుడికే తెలియాలి. పాత గింజలతో మత్తిచ్చారంటే పేషెంటు వదిలిన గాలే పేషెంటు ప్రాణం మీదికొస్తుంది. ఇవాళ టేబుల్ ఎక్కబోయేది ఏడేళ్ల పిల్ల, హారతి. టాన్సిల్స్ ఆపరేషను. నిన్న రాత్రి తల్లి తీసుకొచ్చి చేర్పించింది.

ప్రసన్నకుమారి విసవిసా వెళ్లి స్టోరు బీరువా తెరిచింది. కొత్త గింజల డబ్బా సీలుతో సహా ఉన్నచోటే ఉంది. ఒళ్లు మండిపోయింది ఆవిడకి.

"మార్చినవాడివి దీని సీలు విప్పలేదేంటయ్యా?"

"అది వాడలేదండి. నెలాఖరుకి గడువైపోతోంది. నేనే వేరే డబ్బా కొనుక్కొచ్చి పోశాను."

"నీ డబ్బులతోనా?"

"అవునండి."

"మొన్న జీతం అడ్వాన్సు కోసం ఆఫీసు గుమ్మంలో పడిగాపులు కాసిన నువ్వు, సొంత డబ్బు పెట్టి ఆస్పత్రికి సున్నం కొన్నావా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

శ్యాంబాబు అప్పటికి రెండుసార్లు చూసిన గొట్టాలనే మళ్లీ మొదటి నుంచి తడిమి చూసుకుంటున్నాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకంత కంగారు అనుకుందావిడ.

"మత్తు డాక్టరుగారికి చెప్పేస్తాను. మా సొంత చెల్లెలి ఆపరేషనప్పుడు, అయినవాళ్లు లోపలుండకూడదని నన్నే గుమ్మం దాటనివ్వని మనిషాయన. నీలాంటివాణ్ని ఒక్క క్షణం ఉంచరు."

ఆ మాటకి అతను గొట్టాలు వదిలేసి చేతులు జోడించాడు.

"ఈ ఒక్క కేసు అయ్యేదాకా ఆగండి సిస్టర్‌గారూ. తర్వాత మీరేం చేసినా సరే. నన్ను బయటికి మాత్రం పంపించకండి."

"అంటే నీ దొంగపనికి ఈ పిల్ల బలి కావాలా?"

ఇక లాభం లేదని ఆవిడ డాక్టరుగారి కోసం తలుపు తీసింది. ఎదురుగా స్ట్రెచర్ వస్తోంది. దాని మీద పిల్ల బిక్కుబిక్కుమంటూ అటూ ఇటూ చూసి, మాస్కు పైనున్న శ్యాంబాబు కళ్లు కనపడగానే చెయ్యి చాచింది.

"నాన్నా, నువ్విక్కడే ఉంటావుగా?"