చోటు మారిన కణం

"అయ్యయ్యో, ముట్టుకోకండి!"

ఆ కేకకు పెద్దావిడ ఉలిక్కిపడి, బల్ల మీద ఆనించబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

కేక వేసిన పరిశోధకురాలు నాలుక కరుచుకుంది. పొద్దున అమ్మ ఫోన్లో చెప్పిన మనిషి ఈవిడే కాబోలు. 'మనకు బాగా కావలసినావిడ. నీ పని ఒక్కసారి చూసి వెళ్తుందట. విసుక్కోకు' అని మరీ మరీ చెప్పింది.

"కూర్చోండి పిన్నిగారూ. బల్ల కదిలిందంటే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని అరిచాను."

"పర్లేదమ్మా," అంటూ ఆవిడ స్టూలు మీద కూలబడింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. "ఏమిటమ్మా నీ పని?"

"మొలక వేరుకు సన్నటి నూగు ఉంటుందండీ. మూలకేశాలంటారు. మట్టిలో నీళ్ళు పీల్చేది ఎక్కువగా వాటితోనే. వేరు చర్మంలో ఒక్కో కణం ఉబ్బి, కొస సాగి, వెంట్రుక అవుతుంది."

"అన్ని కణాలూనా?"

"అబ్బే! ఈ మొక్కలో అయితే, కింది వరసలో రెండు కణాలు కలిసే సందు మీద కూర్చున్నదానికే ఆ యోగం. పక్కన, ఒంటి కణం మీద కూర్చున్నది నున్నగా ఉండిపోతుంది."

"పాపం. పుట్టుకతోనే అలా రాసిపెట్టి ఉంటుందా?"

"అదే కదండీ నా గొడవ! పుట్టుక కాదు, చోటు అంటాను నేను. సందు మీద ఉన్న కణాన్ని లేజరు కిరణంతో కాల్చేసి, పక్కనున్న నున్నటిదాన్ని ఆ ఖాళీలోకి జరగనిచ్చాను. దీనికి వెంట్రుక మొలిచిందా, నేను గెలిచినట్టే."

"మొలవకపోతే?"

"మూటాముల్లె సర్దుకోవడమే. ఇదివరకు ఇలాగే జరిపిన ఒకదానికి మొలిచింది కానీ, నేను చూసేసరికే బారెడు సాగింది. 'అది మొదట్నుంచీ అక్కడిదేనేమో, మొదలవడం చూపించు' అన్నారు మా ప్రొఫెసరు గారు. ఇవాళా చూపించకపోతే ఈ పని మూసేస్తారు."

ఆవిడ ఒళ్ళోని సంచీ పిడిని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"చోటు మారిస్తే దానికి కష్టం కాదూ?"

కణానికి కష్టమా అని అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. పరిశోధకురాలికి నవ్వొచ్చింది.

"మొదట్లో కష్టమేనండీ. తర్వాత అక్కడిదే అయిపోతుంది."

"నిజంగానా?"

"నిజంగానే. పాత చోట ఉంటే ఎప్పటికీ మొలిచేది కాదు."

ఆవిడ సంచీ కింద పెట్టి లేచింది.

"నేనూ ఒకసారి చూడొచ్చా?"

మంచి మైక్రోస్కోపు బాగుచేతకు పోయింది. ఉన్నది పాత ఒంటికన్నుది. పరిశోధకురాలికి ఒక్క కన్ను విడిగా మూసుకోవడం రాదు. ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంది. దాంతో ల్యాబులో అందరూ 'సెల్యూట్ మేడం' అని ఏడిపిస్తుంటారు.

పెద్దావిడ వంగింది. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

పరిశోధకురాలు పకపకా నవ్వింది.

"మీకూ మూతపడదా! హమ్మయ్య, నాకో తోడు దొరికింది. మా ఇంట్లో అమ్మ, నాన్న, అన్నయ్య అందరూ టపటపా కన్ను కొట్టేస్తారు. నేనొక్కదాన్నే ఇలా తగలడ్డాను."

ఆవిడా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. అంత గుచ్చి చూస్తే ఎవరికైనా నీళ్ళొస్తాయి మరి.

అంతలో ఫోను మోగింది. ప్రొఫెసరు గారు. ఉన్నపళంగా కిందికి రావాలట.

"సరిగ్గా ఇప్పుడే! పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది, కాస్త కనిపెట్టి ఉండండి. ఈ కణం గోడ ఏమాత్రం ఉబ్బినా ఈ మీట నొక్కండి. ఫొటో పడుతుంది. ఆపకుండా నొక్కుతూ ఉండండి."

"నేనా?"

"చూడ్డమే కదండీ."

"చూస్తాలే తల్లీ. చూడ్డానికేగా వచ్చాను."

కింద పని ఒక పట్టాన తెమల్లేదు. చివాట్లు తిని, మొహం మాడ్చుకుని ఆమె పైకి వచ్చేసరికి, ఆవిడ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"వచ్చిందమ్మాయీ! ముందు ఆవగింజంత ఉబ్బింది. ఇప్పుడు కొస సాగుతోంది, చూడు!"

పరిశోధకురాలు ఆవిణ్ణి ఇంచుమించు పక్కకు నెట్టేసింది. ఫొటోలు తిరగేసింది. నున్నటి గోడ, చిన్న ఉబ్బు, సాగుతున్న కొస. మొదలవడం మొదలు అంతా వరసగా ఉంది.

ఒక్క గెంతు గెంతి, పక్కగదులకు పరుగెత్తి, దొరికినవాళ్ళనల్లా లాక్కొచ్చింది.

వచ్చి చూస్తే స్టూలు ఖాళీ.

'అయ్యో, పేరైనా అడగలేదే' అని నొచ్చుకుంది. వెళ్ళి కలవాలనుకుంది. పని నిలబడ్డ సంబరంలో ఆ సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి నెల తిరిగిపోయింది.

"అమ్మా, ఆ పిన్నిగారిల్లు ఎక్కడ? ఫొటో అచ్చు వేయించాను, ఇచ్చి దణ్ణం పెట్టి వస్తాను. తీసింది ఆవిడే కదా."



"ఆవిడ లేదే తల్లీ. ఆస్పత్రిలో చేరబోతూ నీ దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఇంటికి రాలేదు."

"అయ్యో! నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నీ దగ్గర్నుంచి వెళ్తూ ఫోన్ చేసి ఏడ్చింది. 'చోటు మార్చి నేను తప్పు చెయ్యలేదక్కా, అమ్మాయే చెప్పింది' అంది."

"ఏ చోటమ్మా?"

"నీ చోటే తల్లీ. నీకింకా పళ్ళు రాకముందు, తన ఒళ్ళోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది."