జంట టీచర్లు కావలెను

“కిటికీ పక్కన మీరు కూర్చోండి” అన్నాడు లెక్కల మాస్టారు, సైన్సు టీచరు సంచీని పైఅరలోకి ఎక్కిస్తూ.

“మధ్య సీటు ఇరుకు కదా, మీకు కాళ్ళు పట్టవేమో.”

“ఫరవాలేదండీ, మీరు కూర్చోండి.”

నడవా పక్క సీట్లో అప్పటికే స్థిరపడిన పెద్దావిడ వీళ్ళిద్దరినీ ఎగాదిగా చూసింది. విమానం గాల్లోకి లేచేదాకా ఎలాగో ఓపిక పట్టింది. ఆ తరువాత ఆమె వల్ల కాలేదు.

“ఏం బాబూ, కొత్తగా పెళ్ళయిందా?”

మాస్టారు బట్టతల తడుముకున్నాడు. “ఇరవై ఏళ్ళ కిందటండీ.”

“ఇరవై ఏళ్ళా! అయినా పెళ్ళాన్ని మీరంటున్నావా? అదుగో, ఆ వరసలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడే, ఆయన మా ఆయన. సీటు బెల్టు పెట్టుకునేలోపే నన్ను రెండు తిట్లు తిట్టాడు. నేను ఊరుకుంటానా, వడ్డీతో సహా తిరిగిచ్చాను. అప్పుడుగానీ ఆయనకి నిద్ర పట్టలేదు.”

“మేం ఒకే బడిలో పనిచేశామండీ. స్టాఫ్‌రూమ్ అలవాటు” అంది సైన్సు టీచరు చప్పున. “ఇప్పుడు అక్కడ కూడా ఇద్దరికీ ఒకే బడి.”

మాట నిజమే. సముద్రాలకు అవతల, కొండ మీద ఉన్న హాస్టలు బడి అది. ఒంటరిగా వచ్చిన టీచర్లు దిగులు పెట్టుకుని చదువుల మధ్యలోనే పెట్టే బేడా సర్దుకుంటున్నారని, ఈసారి జంటలనే తీసుకుంటామని ప్రకటన ఇచ్చారు. ఇద్దరిలో ఒకరు మానేస్తే రెండోవారి ఉద్యోగం కూడా ఊడినట్టే. ఆ ప్రకటన చూసింది ఆవిడే, ఆయనకు ఫోన్ చేసి “వస్తారా?” అని అడిగిందీ ఆవిడే. రెండేళ్ళుగా ఆయనదో ఊరు, ఆవిడదో ఊరు. టీచరు ఉద్యోగమంటే బదిలీలు ఎవరికి తప్పుతాయి!

“నచ్చకపోతే మాత్రం టర్ము అవగానే తిరిగొచ్చేస్తాను” అని కూడా అంది ఫోన్లో. మాస్టారి గుండెల్లో రాయి పడింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఈవిడ వెళ్ళిపోతుందన్న భయం దానికి పదింతలు. అందుకే నోటికి తాళం వేసుకుంటానని ఒట్టు పెట్టుకుని మరీ బయల్దేరాడు.

ఆయనకున్న జబ్బు ఒక్కటే, తప్పులు దిద్దడం. ఎర్రసిరా కలాన్ని బడిలో వదిలేసినా, నాలుకను మాత్రం ఇంటికి తెచ్చుకునే మనిషి. ఆవిడ చీపురు పట్టిన తీరు దగ్గర్నుంచి చుట్టాలకు చెప్పిన దారి దాకా, దేనికైనా “అలా కాదు” అనందే ఆయనకు అన్నం సహించేది కాదు.

కాఫీ వచ్చింది. చక్కెర పొట్లాలు రెండూ ఆవిడ వైపు జరిపాడు.

“నేను చక్కెర మానేసి ఏడాది దాటిందండీ.”

“అలాగా” అన్నాడు. మనసు చివుక్కుమంది.

పెద్దావిడ మళ్ళీ అందుకుంది. “మనం దిగేచోట ఇప్పుడు టైమెంతమ్మా?”

“మనకంటే రెండున్నర గంటలు వెనకండీ” అంది సైన్సు టీచరు.

వెనక కాదు, ముందు. సైన్సు టీచరై ఉండి ఇంత పొరపాటా! మాస్టారి నాలుక దురదపెట్టింది. వేడి కాఫీతో పాటు ఆ దురదను కూడా మింగేశాడు.

దిగేముందు పెద్దావిడ ఇద్దరినీ చూసి మెటికలు విరిచింది. “ఇంత దూరం వచ్చారు, ఒక్క మాట తేడా రాలేదు. ముచ్చటైన జంట!”

సైన్సు టీచరు కిటికీ వైపు తిరిగింది.

బడి హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి ఇల్లు చూపించింది. చిన్న వంటిల్లు, ఒక పడకగది, లోయ వైపు కిటికీ. గదిలో ఆ గోడకొకటి ఈ గోడకొకటి ఇనప మంచాలు.

“క్షమించాలి, విడి మంచాలే దొరికాయి. మనుషుల్ని పిలిచి దగ్గరగా వేయించనా?”

“వద్దండీ!” అన్నారిద్దరూ ఒకేసారి.

“సర్దుకుపోయే మనుషులు” అని మెచ్చుకుని ఆమె వెళ్ళిపోయింది.

ఎవరి పెట్టె వాళ్ళు ఎవరి మంచం కిందికి వాళ్ళు తోసుకున్నారు. ఏం మాట్లాడాలో తోచక మాస్టారు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చూశాడు. నీళ్ళు వస్తున్నాయి. ఆ కబురైనా చెబుదామని వెనక్కి వస్తుంటే గదిలోంచి కీచుమని చప్పుడు. ఆవిడ కొంగు దోపి, తన మంచాన్ని కాళ్ళవైపు పట్టుకుని గది మధ్యకు లాగుతోంది. మంచం కోడు తివాచీలో చిక్కుకుని మొరాయిస్తోంది.

మాస్టారు ఒట్టు గుర్తుచేసుకున్నాడు. మంచం మళ్ళీ కీచుమంది. ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

“అలా కాదు! తలవైపు ఎత్తి పట్టాలి. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఇంకేముంది, టర్ము దాకా కూడా ఆగదు, రేపటి విమానానికే వెళ్ళిపోతుంది అనుకున్నాడు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఇటు తిరిగింది.

“వచ్చిందా నోరు! దారి పొడుగునా మీరూ గీరూ అంటుంటే ఎవరో పరాయి మనిషితో వస్తున్నట్టుంది నాకు. ఒక్క తప్పయినా దిద్దుతారేమోనని కావాలనే ఆ టైము తప్పు చెప్పాను. అబ్బే, ఉలుకూ లేదు, పలుకూ లేదు!”

“కావాలనా?”

“లేకపోతే? ఆ మాత్రం నాకు తెలియదా?”

మాస్టారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నువ్వు వెళ్ళిపోతావేమోనని భయపడ్డానే” అన్నాడు ఉన్నదున్నట్టు.

“వెళ్ళేదాన్నయితే మంచం ఎందుకు లాగుతాను? ఉపన్యాసం ఆపి ఆ చివర పట్టండి.”

పట్టాడు. పట్టినవాడు ఊరుకోకుండా ఇంకో రెండు సలహాలిచ్చి, వాటికి తగిన చీవాట్లు తిన్నాడు. ఇద్దరూ రొప్పుతూ రెండో మంచాన్ని కూడా లాక్కొచ్చి మొదటిదానికి ఆనించారు.

వాళ్ళిద్దరికీ కోర్టు విడాకులిచ్చి అప్పటికి రెండేళ్ళు.