ఆరో బండి

“నచ్చలా,” అంది వీరరాఘవమ్మ, వాకిట్లో కాళ్ళ మట్టి కడుక్కుంటూ.

పుల్లారావు మంచం మీద నుంచి లేవబోయాడు. మొన్ననే ఆపరేషనైన మోకాలు ఒప్పుకోలేదు.

“బంగారం లాంటి బండే! ఏందే దానికొచ్చిన రోగం?”

“గట్టు పక్కన తిప్పిచ్చా. ఒరుగుతంది. తిరగబడితే ఎవడిది పూచీ?”

ఆవిడ వెనకే నిలబడ్డ యోగేశ్ ముఖం వాడిపోయింది. నరసరావుపేట షోరూంలో సేల్స్‌మన్ అతను. చిన్న ట్రాక్టరుకి నేల దున్నే రోటవేటరు తగిలించి, లారీ మీద ఎక్కించి పొద్దున్నే తెచ్చాడు.

“ఇంకోసారి ఆలోచించండి పెద్దమ్మా,” అన్నాడు.

“నాకైతే నీ బండే నచ్చిందయ్యా,” అన్నాడు పుల్లారావు. కడుపులో మాట దాచుకోవడం ఆయనకి పుట్టుకతోనే రాలేదు. వీరరాఘవమ్మ మాత్రం యోగేశ్‌కి చెంబెడు మజ్జిగ, సంచెడు నిమ్మకాయలు ఇచ్చి పంపేసింది.

నాదెండ్ల దగ్గర వాళ్ళ నిమ్మతోట ఎకరం పాతికే. చాకిరీ మాత్రం పదెకరాలది. కొమ్మలు నేలకి వాలి ఉంటాయి. చెట్టు చెట్టుకీ పైపులు, పాదులు. నాలుగు రోజులు కన్ను వేయకపోతే గడ్డి. మొన్నటి జల్లులకి ఆ గడ్డి మోకాలెత్తు లేచింది. పెద్ద వాన పడేలోగా దున్నెయ్యకపోతే తుంగ అల్లుకుపోయి దసరా దాకా తోటలో కాలు పెట్టలేరు. నిరుడు అలాగే అయింది. పదకొండు చెట్లు ఎండిపోయాయి. ఈ ఏడూ అలాగే అయితే తోట మీద ఆశ వదులుకోవలసిందే.

కూలీలు దొరకరు. పక్కచేను బాలశౌరికి పెద్ద ట్రాక్టరుంది. అడిగితే, “ఆ సందుల్లో నా బండి పట్టదు బాబాయ్. కొమ్మలిరిగితే మళ్ళీ నువ్వే తిడతావ్,” అని తప్పుకున్నాడు. అందుకే సొంతంగా ఓ చిన్న ట్రాక్టరు కొనాలని పుల్లారావు తీర్మానించాడు. బ్యాంకు వాళ్ళూ సరేనన్నారు. వీరరాఘవమ్మ ఒక్క షరతు పెట్టింది.

“మన తోటలో తిప్పి చూపిచ్చందే నేను ఊ అనను.”

అక్కడే పుల్లారావు కొంప మునిగింది.

రెండో బండి సత్తెనపల్లి నుంచి వచ్చింది. “బోరు దగ్గర నేల గట్టి. అక్కడ లాగితేనే లాగినట్టు,” అని వీరరాఘవమ్మ దాన్ని అటు తీసుకుపోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, “సీటు చానా ఎత్తు. నీ మోకాలితో ఎట్టా ఎక్కుతావ్?” అంది. నిజమే కదా అనుకుని పుల్లారావు కాస్త మెత్తబడ్డాడు.

మూడోది చిలకలూరిపేటది. కొమ్మలు బాగా వాలిన వరసల్లోకి తోలించింది.

“పొగ గొట్టం పైకుంది. ఆకులు మాడతయ్.”

ఈసారి ఆయన మెత్తబడలేదు. “నీ కోసం గొట్టం లేని బండి కనిపెట్టమని చెప్పమంటావా?”

నాలుగోది పిడుగురాళ్ళది. పల్లంలో చక్రం జారిందట. ఐదోది గుంటూరుది. కంచె మూలల్లో తిరగడానికి యమయాతన పడిందట. పొద్దున తోటకి పోయిన బండి భోజనాల వేళకి గానీ బయటికి రాదు. ఆవిడ పరీక్షలు అంత గట్టివి. వచ్చిన ప్రతివాడూ చెమటలు కక్కుతూ మజ్జిగ తాగి, నిమ్మకాయల సంచి పట్టుకుని, నమస్కారం పెట్టి పోయాడు.

“ఇయ్యాల ఏ ఊరి బండి మావా?” అని వీధిలో పోయేవాళ్ళు ఆటపట్టించడం మొదలుపెట్టారు. పుల్లారావు షోరూం కాగితాలు తలగడ కింద దాచేశాడు. అది చాలదన్నట్టు సాయంత్రమయ్యేసరికి యోగేశ్ ఫోను.

“అంకుల్, ఏమన్నా తేలిందా? నెలాఖరు వచ్చేసింది.”

తల కొట్టేసినట్టుండేది. పెళ్ళాం మీద ఒళ్ళు మండిపోయేది.

ఎనిమిదో రోజు సాయంత్రం పడమట నల్లగా మబ్బు కమ్మింది. చల్లగాలి కొట్టింది. ఊరంతా సంబరపడుతుంటే పుల్లారావు గుండెల్లో రాయి పడింది.

“చూశావటే ఆ మబ్బు? రేత్రికి దంచుద్ది. ఇంకేం తోట, నా మొహం! వారం రోజులు, ఐదు బళ్ళు! పెళ్ళిచీర కొనేటప్పుడు గూడా మీ అమ్మ ఇన్ని మడతలు ఇప్పిచ్చలేదే. ఒక్కదానికన్నా ఊ అనుంటే ఈపాటికి...”

కోపం కాస్తా దుఃఖంలోకి దిగింది. బోరు లేని రోజుల్లో ఇద్దరూ బిందెలతో నీళ్ళు మోసి బతికించుకున్న చెట్లవి.

వీరరాఘవమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

ఫోన్ మోగింది. మాచర్ల షోరూం వాళ్ళు. కొత్త మోడల్ వచ్చిందట. రేపు పొద్దున్నే తోటకే తెస్తారట. చూపించినందుకు పైసా ఇవ్వనక్కర్లేదట.

పుల్లారావు ఫోన్ ఆవిడ ఒళ్ళో పడేశాడు. “నువ్వే మాట్లాడు. ఆరోదానికి గూడా ఓ వంక ఎతుక్కో.”

ఆవిడ చేట పక్కన పెట్టింది. మబ్బు వంక తలెత్తి చూసింది. ఈ వారంలో మొదటిసారి నవ్వింది.

“ఇప్పుడొద్దులే నాయనా, తిప్పి చూపిద్దామన్నా తోటలో దున్నని సెంటు మిగల్లా, చవితి ఎల్లినాక మళ్ళీ గడ్డి లేస్తది, అప్పుడు తీసుకురా.”