క్లిఫ్ పేరు మీద జరిమానా

ఉదయం ఏడున్నరకి తలుపు కొట్టిన మనిషి మెడలో గుర్తింపు కార్డు, ఛాతీ మీద చిన్న కెమెరా ఉన్నాయి. వాకిట్లో ఉన్న కారు చక్రానికి అప్పటికే పసుపురంగు తాళం బిగించేశాడు.

"క్లిఫర్డ్ హార్‌గ్రీవ్ గారున్నారా అమ్మా? నగర కౌన్సిల్ తరఫున జప్తు కోసం వచ్చాను. పార్కింగ్ జరిమానా కట్టలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు."

క్లిఫ్ భార్య నోరీన్ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ ఉత్తరాలు వంటింటి సొరుగులో ఉన్నాయి. మొదటిది తప్ప మిగతావేవీ ఆమె విప్పలేదు.

"ఆయన పోయారు. ఎనిమిది నెలలైంది."

అతను టోపీ తీశాడు.

"నాకు తెలీదమ్మా, క్షమించండి. మరణ ధ్రువపత్రం కాపీ ఒకటి పంపండి చాలు. కౌన్సిల్ వాళ్ళు తేదీలు చూసుకుని ఫైలు మూసేస్తారు. తాళం ఇప్పుడే తీసేస్తాను."

మాటలు విని కూతురు ట్రేసీ టీ కప్పుతో బయటికొచ్చింది.

"కాపీ మేడమీద ఉంది. తెస్తానుండండి."

"వద్దు," అంది నోరీన్. అతని వైపు తిరిగింది. "ఎంత?"

"ఖర్చులన్నీ కలిపి ఐదువందల పద్నాలుగు పౌండ్లు. కానీ మీరు కట్టక్కర్లేదమ్మా."

"కడతాను."

"నీకేమైనా పిచ్చా అమ్మా?" అంది ట్రేసీ. "నాన్న సమాధికి రాయి వేయిద్దామని దాచిన డబ్బది. కట్టొద్దని ఈయనే అంటుంటే నీకెందుకు?"

"మీ నాన్న బతికుండగా ఎవరికీ ఒక్క పెన్నీ బాకీ పడలేదు. ఆయన పేరు మీద ఇది ఉండకూడదు."

ట్రేసీ గొంతు మెత్తబడింది.

"నాన్న ఉన్న ఆసుపత్రి దగ్గర చోటు దొరక్క కారు ఎక్కడో పెట్టుంటావు. ఆ నెలంతా నువ్వు పడిన తిప్పలు నాకు తెలీవా? ఇంతకీ ఎక్కడ పడిందండీ ఈ జరిమానా?"

అతను కాగితంలోకి చూశాడు.

"అది నాకివ్వండి," అంది నోరీన్.

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను జేబులో వేసుకుంది. మేడమీదికెళ్ళి డబ్బు దాచిన కవరు తెచ్చింది. నోట్లు లెక్కపెడుతుంటే రెండుసార్లు లెక్క తప్పింది.

అతను రసీదు రాసి, చక్రానికున్న తాళం తీశాడు.

"ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వద్దన్నా కట్టినవాళ్ళని చూళ్ళేదమ్మా. మీవారు అదృష్టవంతులు."

వ్యాను వెళ్ళిపోయాక ట్రేసీ తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "నాన్నంటే నీకెంత ప్రేమో ఇప్పుడు తెలిసింది," అంది. నోరీన్ చేతులు పైకి లేవలేదు. కూతురు వదిలేదాకా అలాగే నిలబడింది.

తర్వాత స్నానాల గదిలోకెళ్ళి గడియ పెట్టుకుని, కాగితం విప్పింది.

ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం మూడూ పది: కూతురి చేయి పట్టుకుని క్లిఫ్ నోరీన్ పేరే పిలుస్తూ కన్నుమూసిన ఆ వేళ, ఇంట్లో నిద్రపట్టేసిందని తాను చెప్పిన ఆ వేళ, కారు బింగో జూదం ఆడే హాలు ముందు ఆగి ఉంది, లోపల నోరీన్ నలభై పౌండ్లు గెలుచుకుంది.